కావలివాడికి ఖజానా తాళం ఎందుకు?

గద్వాల కోటలోకి మీలో కొందరైనా వెళ్ళే ఉంటారు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. సంస్థానం రోజుల్లో ఆ కోట ద్వారం దగ్గర నిలబడే కావలివాణ్ణి ఊహించుకోండి. అతని మొలకు ఖజానా తాళంచెవి కూడా కట్టి ఉందనుకోండి. ఇక దొంగ గోడ ఎక్కనక్కర లేదు; కావలివాణ్ణి మాయ చేస్తే చాలు!

వెబ్ సర్వర్ ఇలాంటి కావలివాడే. నాగర్‌కర్నూల్‌లో కూర్చుని మీరు ఫోనులో పరీక్షా ఫలితాలు చూస్తారు. ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం మీ కోరిక విని, ఆ పేజీ పంపుతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడటమే దాని ఉద్యోగం.

కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రామూ ఎవరో ఒకరి పేరుమీద నడుస్తుంది. ఆ పేరుకు ఎంత అధికారముంటే ప్రోగ్రాముకూ అంతే. సర్వాధికారాలూ గల పేరును లినక్స్‌లో 'రూట్' అంటారు. విండోస్‌లో 'అడ్మినిస్ట్రేటర్', 'సిస్టమ్' అలాంటివి.

2001 జులైలో ఏమైందో వినండి. మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ అనే వెబ్ సర్వర్‌లో ఒక భాగానికి లోపముంది. పట్టే దానికన్నా పొడవైన కోరిక పంపితే, మిగిలిన అక్షరాలు మెమరీలో పక్క గదుల్లోకి పొంగి ఆజ్ఞలుగా పనిచేసేవి. ఆ భాగం నడిచేది 'సిస్టమ్' అధికారంతో! 'కోడ్ రెడ్' అనే పురుగు ఆ దారిన దూరింది. జులై 19న 14 గంటల లోపలే 3,59,000 కంప్యూటర్లకు పాకింది. చిత్రమేమిటంటే, దీనికి మందు నెల రోజుల ముందే విడుదలైంది. వేసుకోని వాళ్ళే ఎక్కువ.

మరి అంత అధికారం ఎందుకిస్తారు? చాలాసార్లు తొందర వల్ల. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే మీ అన్న లినక్స్‌లో సొంత సర్వర్ మొదలుపెట్టాడనుకోండి. వెబ్ ద్వారం సంఖ్య 80. మామూలుగా 1024 కన్నా తక్కువ సంఖ్య గల ద్వారాలు తెరవాలంటే రూట్ అధికారం కావాలి. 'అనుమతి లేదు' అని తెరమీద కనబడుతుంది. రూట్‌గా నడిపితే క్షణంలో పని అయిపోతుంది! అక్కడే చాలామంది ఆగిపోతారు.

అపాచీ అనే సర్వర్ ఒక యుక్తి చేస్తుంది. రూట్‌గా లేచి ద్వారం తెరుస్తుంది. తర్వాత వచ్చేవారితో మాట్లాడే పనిని అధికారం లేని పేరుతో నడిచే పిల్ల ప్రోగ్రాములకు అప్పగిస్తుంది. 2002 సెప్టెంబరులో 'స్లాపర్' అనే పురుగు అపాచీలోకీ దూరింది. అయితే దానికి దక్కింది ఆ చిన్న పేరు అధికారమే. అంతమాత్రాన నష్టం లేదనుకోకండి; ఆ కాస్త అధికారంతోనే ఇతర యంత్రాలకు పాకింది.

మీ అన్నను నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూపమనండి. అపాచీ పేరున్న వరుసల్లో ఒక్కదాని పక్కనే 'రూట్' అని ఉండాలి. అన్నిటి పక్కనా ఉంటే, ఆ సర్వర్‌ను వెంటనే ఆపించండి.