ప్రేక్షకుడి మౌనం ఏం చెబుతుంది?

పద్యనాటకాలు వెలిగిన రోజుల్లో తన పద్యం ఎలా ఉన్నదో తెలుసుకొనడానికి నటుడు ఎవరినీ అడగవలసిన అవసరం ఉండేది కాదు. రాగం దీర్ఘంగా తీసి పద్యం ముగించగానే పందిరిలో నుంచి "వన్స్ మోర్" అన్న కేక లేచేది. రంగస్థలం మీద కథ ఎంతటి సంకటంలో ఉన్నా సరే, నటుడు దానిని అక్కడే నిలిపి అదే పద్యాన్ని మరొకసారి పాడేవాడు. కేక లేవకపోతే, జనం చుట్టలు వెలిగించుకొని పక్కవారితో మాటల్లో పడితే, అదీ ఒక సమాధానమే. అనుభవజ్ఞుడైన నటుడు మరునాటి ఆటలో ఆ పద్యాన్ని కుదించుకొనేవాడు.

కెమెరా ఈ బంధాన్ని తెంచివేసింది. ప్రేక్షకుడు బొమ్మను చూసే వేళకు దానిని తీసినవాడు అక్కడ ఉండడు. ఉన్నా, తెరమీది బొమ్మ జనం ముఖాలు చూసి తన నడకను మార్చుకొనదు. కనుక నాటకంలో అప్రయత్నంగా అందిన స్పందనను చిత్రం తీసేవాడు పనిగట్టుకొని సేకరించుకోవలసి వచ్చింది. ఈ సేకరణ ఒక విద్య. దానిని అభ్యసించేవారిలో నేడు పదిహేడు, పద్దెనిమిదేళ్ల విద్యార్థులు కూడా ఉన్నారు.

బ్రిటన్‌లో ఏ-లెవెల్ తరగతుల్లో మీడియా అధ్యయనం తీసుకొన్న విద్యార్థులు అనేకులు పరీక్షలో భాగంగా ఒక వీడియో పాటను తామే తీస్తారు. 2008లో బోధన ప్రారంభమైన ఓ.సి.ఆర్. సంస్థ పాఠ్యప్రణాళికలో పాటతోపాటు ఆల్బమ్ అట్ట, పత్రికా ప్రకటన వంటివి కూడా తయారు చేసే ఏర్పాటు ఉండేది. అంతా ముగిసిన తరువాత విద్యార్థి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. తన ప్రేక్షకుల అభిప్రాయాల నుంచి ఏమి నేర్చుకొన్నాడన్నది వాటిలో ఒకటి. 2017లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. అయినా ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు. జేబులోని ఫోనుతో పాటను చిత్రించగల ప్రతి విద్యార్థీ, అతడు లండన్‌లో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా, దానికి జవాబు వెతుక్కోవలసినవాడే.

జవాబు సులభమనిపిస్తుంది. పాటను పదిమంది మిత్రులకు చూపడం, "ఎలా ఉంది?" అని అడగడం, "చాలా బాగుంది" అన్న మాట రాసుకోవడం. ఇంతకన్నా నిరుపయోగమైన శ్రమ మరొకటి లేదు. మిత్రుడు చెప్పిన మాట పాటను గురించినది కాదు, స్నేహాన్ని గురించినది.

నవ్వు రాని హాస్యం

నిజమైన స్పందన ఎంత విచిత్రంగా ఉంటుందో తెలియాలంటే మూకీ చిత్రాల కాలానికి వెళ్లాలి. హాస్యనటుడు బస్టర్ కీటన్ 1924లో "ది నావిగేటర్" చిత్రం కోసం సముద్రగర్భంలో ఒక సన్నివేశం తీశాడు. చేపలు బారులు తీరి పోతూ ఉంటాయి. దారి దొరకక ఒక పెద్ద చేప నిలిచిపోతుంది. గజ ఈతగాని దుస్తుల్లో ఉన్న కీటన్ ఒక నక్షత్రచేపను పోలీసు బిళ్ళలా రొమ్ముకు తగిలించుకొని, రాకపోకలను నియంత్రించి, పెద్ద చేపకు దారి ఇప్పిస్తాడు. ఆ సన్నివేశం మీద అతడు ఎన్నో ఆశలు పెట్టుకొన్నాడు. కాని విడుదలకు ముందు ప్రేక్షకులకు చూపినప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆశ్చర్యమేమంటే, అదే దృశ్యం ప్రకటన చిత్రంలో కనిపించినప్పుడు జనం విరగబడి నవ్వారు. అంటే దోషం హాస్యంలో లేదు, దానికి దొరికిన చోటులో ఉంది. కథలో ఆ సమయానికి నాయిక పైన ఓడలో ఒంటరిగా ఉంది. నరభక్షకుల వల్ల ఆమెకు ప్రమాదం ముంచుకొస్తున్నది. ఆమెను వదలి చేపలతో వినోదించే నాయకుడిని ప్రేక్షకులు సహించలేకపోయారు. కీటన్ ఆ సన్నివేశాన్ని చిత్రం నుంచి తీసివేశాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. "నాయిక ప్రమాదంలో ఉన్నది కనుక మాకు నవ్వు రాలేదు" అని ప్రేక్షకులు చెప్పలేదు. వారు కేవలం నవ్వలేదు, అంతే. నొప్పి ఎక్కడ ఉన్నదో రోగి చెబుతాడు. రోగమేమిటో వైద్యుడు తేల్చుకోవాలి.

ఎర్రమీట, పచ్చమీట

ఈ రెండింటి మధ్యనున్న తేడాను శాస్త్రీయంగా నిలబెట్టినవారు అమెరికాలోని రేడియో పరిశోధకులు. పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అనే ఇద్దరు 1930ల చివరలో ఒక యంత్రాన్ని రూపొందించారు. శ్రోతలను ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరికి రెండు మీటలు ఇచ్చేవారు. నచ్చిన చోట పచ్చమీట నొక్కాలి, నచ్చని చోట ఎర్రమీట. ఏదీ నొక్కకపోతే ఉదాసీనత అని అర్థం. కదిలే కాగితం మీద ఆ స్పందనలన్నీ క్షణక్షణమూ గీతలుగా నమోదయ్యేవి.

యంత్రం "ఎక్కడ" అన్నది చెప్పింది, "ఎందుకు" అన్నది చెప్పలేకపోయింది. 1941లో లాజర్స్‌ఫెల్డ్ ఆహ్వానంపై అటువంటి ఒక పరీక్షను చూడవచ్చిన సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, అనంతరం శ్రోతలను ప్రశ్నించే పద్ధతిని మరింత పదును చేశాడు. ఫలానా చోట ఎర్రమీట నొక్కినప్పుడు మనస్సులో ఏమి మెదిలిందని వారితో మాట్లాడించడం అందులోని కీలకం. కార్యక్రమం మొత్తం మీద అభిప్రాయం అడగడంకన్నా ఒక్క క్షణాన్ని గురించి అడగడం ఎంతో ఫలవంతమని ఆ అనుభవం నిరూపించింది.

కళ్లు దాచలేని సత్యం

మాటలతో అభిప్రాయం చెప్పలేని పసివారి విషయంలో ఏమి చేయాలి? "సెసెమి స్ట్రీట్" అనే పిల్లల టెలివిజన్ కార్యక్రమాన్ని తయారు చేసినవారికి ఈ చిక్కు ఎదురైంది. పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ దానికొక ఉపాయం కనిపెట్టాడు. పిల్లవాడి ఎదుట టెలివిజన్ పెట్టి, పక్కనే మరొక తెరమీద ఏడున్నర సెకండ్లకొక రంగుల బొమ్మ మారేలా అమర్చాడు. పిల్లవాడి చూపు కార్యక్రమం మీద ఉన్నంతసేపు సరే. పక్కతెర మీదికి మరలిన క్షణం, కార్యక్రమం ఓడిపోయిన క్షణం.

1969 జూలైలో గంటసేపు నడిచే ఐదు నమూనా కార్యక్రమాలను ఫిలడెల్ఫియాలో పిల్లలకు చూపి పరీక్షించారు. తోలుబొమ్మలూ గీతల బొమ్మలూ ఉన్న ఘట్టాల్లో పిల్లల కళ్లు కదలలేదు. వీధిలో మనుషులు మాట్లాడుకొనే ఘట్టం రాగానే చూపులు చెదరిపోయాయి. వాస్తవాన్నీ కల్పననూ కలిపితే పిల్లలు తికమకపడతారని మనస్తత్వ నిపుణులు చెప్పినందువల్ల, అంతవరకు తోలుబొమ్మలను వీధి దృశ్యాల దరిదాపులకు రానీయలేదు. నిర్మాతలు చివరకు నిపుణుల మాటకన్న పిల్లల కళ్లకే విలువ ఇచ్చారు. వీధిలో మనుషుల సరసన బొమ్మలను నిలిపారు. బిగ్ బర్డ్, ఆస్కార్ అనే ప్రసిద్ధ పాత్రలు ఆ సవరణ నుంచే పుట్టాయి. 1969 నవంబరు 10న కార్యక్రమం ప్రసారమైంది. నమూనా దశలోనే చూపినందువల్ల సవరణకు వ్యవధి చిక్కింది.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. తెలుగులోనూ ప్రసారాలు సాగాయి. ప్రేక్షకుల్లో ఎందరో నిరక్షరాస్యులు, అంతకుముందు టెలివిజన్ ఎరుగనివారు. ప్రశ్నపత్రాలు ఒక్కటే చాలవని గ్రహించి, మానవశాస్త్రజ్ఞులు కొన్ని గ్రామాల్లో నివాసముండి ప్రజల మధ్య కూర్చొని గమనించారు. అదే సంవత్సరం గుజరాత్‌లో మొదలైన ఖేడా ప్రాజెక్టు మరొక అడుగు ముందుకు వేసి, గ్రామీణులనే రచయితలుగా, నటులుగా కార్యక్రమాల్లోకి తెచ్చింది. 1984లో గ్రామీణ సమాచార రంగంలో యునెస్కో బహుమతి దానికి లభించింది.

గోడమీది ఫొటో

ఈ పాఠాలన్నీ ఒక కళాశాల గదిలోకి ఎలా వస్తాయి? ఒక ఉదాహరణను ఊహించుకోవచ్చు. కరీంనగర్ ప్రాంతపు విద్యార్థులు నలుగురు, బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశానికి వెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లిమీద పాట తీశారనుకోవాలి. మొదటి చరణంలో గోడమీద కొడుకు ఫొటో, దాని కింద వెలుగుతున్న దీపం. తల్లి భక్తికి, ఆశకు ఆ దీపం గుర్తు అని వారి ఉద్దేశం.

చూసినవారు "పాట మరీ ఏడుపుగా ఉంది" అన్నారు. "బాణీ మార్చండి" అని ఒకరు, "చివర డప్పు పెట్టండి" అని మరొకరు సలహా ఇచ్చారు. విద్యార్థులు ఆ సలహాలన్నీ పాటిస్తే పాట మిగలదు. కాని వారు "బాగుందా?" అని కాక "ఇందులో కథ ఏమిటో చెప్పండి" అని అడిగారనుకుంటే, మొదటి జవాబులోనే రహస్యం బయటపడుతుంది: "కొడుకు చచ్చిపోయాడు కదా!" తెలుగు ఇంట ఫొటో కింద దీపం వెలిగితే అర్థం అదే. తీసినవారి కంటికి ఆశ, చూసినవారి కంటికి చావు. బాణీలో తప్పు లేదు. దీపాన్ని దేవుడి గూటిలోకి మార్చి, ఫొటోను తల్లి చేతికి ఇస్తే చాలు.

ఇటువంటి ఫలితం రావాలంటే కొన్ని నియమాలు తప్పవు. పాటను తుదిమెరుగులు దిద్దిన తరువాత కాక, కూర్పు కచ్చాగా ఉన్నప్పుడే చూపాలి. పూర్తి అయిన పనిమీద విమర్శ విన్నవాడు సవరించుకోడు, వాదిస్తాడు. ముందుగా కథ చెప్పి, సంజాయిషీ ఇచ్చి చూపకూడదు. రేపు ఆ పాట ఒంటరిగానే ప్రేక్షకుడి ముందుకు వెళుతుంది, సంజాయిషీ చెప్పేవాడు వెంట వెళ్లడు. పరిచయం లేనివారికి, ముఖ్యంగా పాట ఎవరిని ఉద్దేశించి తీశారో వారికి చూపాలి. చూపేటప్పుడు తెర వైపు కాక వారి ముఖాల వైపు చూడాలి. ఎన్నో సెకండులో చూపు మరలిందో, ఎవరి చేయి ఫోను మీదికి పోయిందో రాసుకోవాలి. ఒక్కొక్కరి చేత విడిగా చెప్పించిన తరువాతే అందరినీ కలిపి మాట్లాడించాలి. లేకపోతే మొదట గొంతు విప్పినవాడి మాటే అందరి మాటా అవుతుంది. సవరించిన పాటను ఎన్నడూ చూడని కొత్తవారికి చూపాలి. ఒకసారి కథ తెలిసినవాడికి రెండవసారి అయోమయం కలగదు.

అన్నిటికన్నా కష్టమైన నియమం చివరిది. విమర్శ వినేటప్పుడు నోరు మెదపకూడదు. "అది కాదండీ, అక్కడ మా ఉద్దేశం..." అని మొదలుపెట్టిన క్షణంలో ప్రేక్షకుడు మర్యాదస్తుడైపోతాడు. మర్యాదస్తుడి నుంచి నిజం రాదు.

మార్చకూడనిది

అభిప్రాయాలన్నిటికీ తల ఒగ్గడం కూడా వినడం కాదు. ఒకరు అన్నది రుచి కావచ్చు. ఐదుగురు ఒకే చోట తడబడితే అక్కడ గుంట ఉన్నట్లే. అదే పాటలో తల్లి ఫోను చెవికి ఆనించుకొని మాట లేక నిలిచిపోయే దృశ్యం ఒకటి ఉందనుకోవాలి. తోటి విద్యార్థులు దానిని కత్తిరించమంటారు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇంటివారు మాత్రం ఆ దృశ్యం వద్ద కదలకుండా కూర్చుంటారు. రెండూ నిజమైన స్పందనలే. ఏది శిరోధార్యమో లెక్క తేల్చదు, పాట ఎవరి కోసమన్న ప్రశ్న తేలుస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు విద్యార్థి కెమెరా చేతపట్టక ముందే తెలుసుకొని ఉండాలి.

ఈ అభ్యాసంలో విద్యార్థికి దక్కేది మార్కులు మాత్రమే కాదు. తాను చెప్పినదీ ఎదుటివాడికి చేరినదీ ఒకటే కాకపోవచ్చునన్న ఎరుక దక్కుతుంది. ఉపాధ్యాయుడికి, వైద్యుడికి, శాసనం రాసే అధికారికి కూడా అవసరమైన ఎరుక అది.

పద్యనాటకపు పందిరి ఇప్పుడు చాలా ఊళ్లలో లేదు. "వన్స్ మోర్" అన్న కేక కూడా అరుదైంది. కాని చీకటి గదిలో పాట ముగిసినప్పుడు ఆవరించే ఆ నాలుగు క్షణాల మౌనం నేటికీ ఉంది. దీపం వెలిగించి, "ఎలా ఉంది?" అని అడగడానికి తొందరపడనివాడికి అది చాలా సంగతులు చెబుతుంది.