కుజుడికి కొలతాడు

వానలు మొహం చాటేసినా, మా తాడిపత్రిలో ఆకాశానికి మాత్రం కరువు లేదు. కుజుడు మనకు దగ్గరగా వచ్చిన ఏట రాత్రివేళ మిద్దెమీద పడుకుంటే, ఎర్రగా నిప్పుకణికలా కనిపిస్తాడు. అతడు సూర్యుని చుట్టూ తిరిగి రావటానికి ఎన్నాళ్ళు పడుతుంది? నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ లెక్క కథంత రుచిగా ఉంటుంది, చిత్తగించండి.

మహాయుగమంటే 43,20,000 ఏళ్ళు. అందులో కుజుడి చుట్లు 22,96,832 అంటుంది సూర్యసిద్ధాంతం. వీటికి భగణాలని పేరు. ఆ యుగపు రోజులను ఈ చుట్లతో భాగిస్తే, చుట్టుకు 686.9975 రోజులు వస్తాయి. నేటి లెక్క 686.98. తేడా సుమారు 25 నిమిషాలు! దూరదర్శిని లేని కాలంలో ఇది సామాన్యమా?

ఇందులో కిటుకు ఓర్పే. కుజుడు ఫలానా చుక్క దగ్గరికి చేరిన వేళను గుర్తించటంలో ఒక రోజు పొరబాటు పడ్డామనుకోండి. ఒక్క చుట్టే చూస్తే ఆ రోజంతా లెక్కకెక్కుతుంది. నూరు చుట్లు చూస్తే, ఆ పొరబాటును నూరు చుట్లూ పంచుకుంటాయి. ఒక్కొక్కదానికి పావుగంట కూడా రాదు. కాని నూరు చుట్లంటే 188 ఏళ్ళు. తాత మొదలుపెట్టింది మునిమనమడు ముగించాలి!

మిగిలిన తేడా చిన్నదేగదా అని ఊరుకోవటానికి లేదు. సూర్యసిద్ధాంతపు సంవత్సరం నేటి నాక్షత్ర సంవత్సరంకంటె సుమారు మూడున్నర నిమిషాలు పెద్దది. నాలుగువందల పైచిలుకు ఏళ్ళలో అది ఒక రోజవుతుంది.

నేటివారు చూపుతో ఆగక, దూరాన్నే కొలుస్తున్నారు. రేడియో తరంగాన్ని పంపి, అది తిరిగి రావటానికెంత సేపు పట్టిందో చూస్తారు. అది సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాలం తెలిస్తే దూరం తెలిసినట్లే. 1976 జూలై 20న కుజునిపై దిగిన వైకింగ్-1 నౌక, 1982 దాకా ఇలా బదులు పలికింది. కోట్ల కిలోమీటర్ల దూరం కొద్ది మీటర్ల తేడాతో తేలింది. శ్రీహరికోటనుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుణ్ణి చేరింది. బెంగుళూరు దగ్గరి బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల పళ్ళెం దాని దూరాన్నీ ఇలాగే కొలిచేది. 2022లో ఆ పలుకు ఆగిపోయింది.

కుజుడు సెకనుకు 24 కిలోమీటర్లు నడుస్తాడు. దారివెంట 24 మీటర్ల పొరబాటంటే, కాలంలో సెకనుకు వెయ్యోవంతే. దాన్నీ మళ్ళీ చుట్లతో భాగించాలి. కొలతాడు మారింది, ఓర్పు మాత్రం పాతదే.

లెక్కకూ ఆకాశానికీ పొత్తు కుదరకపోతే లెక్కనే దిద్దుకోమన్నారు మన పెద్దలు. దానికే బీజసంస్కారమని పేరు. పండుగ ఏనాడన్నదానిపై ఇంట్లో రెండు పంచాంగాలు తగవుపడితే, పీఠికలు తిరగేయండి. ఒకటి దృగ్గణితమనీ, ఒకటి పూర్వపద్ధతి అనీ తేలవచ్చు.

కుజదోషమన్న ఒక్క మాటకు జడిసి, మంచి సంబంధాలు వదులుకున్నవారిని మా ఊళ్ళో నేనెరుగుదును. కుజుడెక్కడున్నాడో నేడు మీటర్లలో చెప్పగలరు. ఆడపిల్ల కాపురాన్ని కొలిచే తాడు మాత్రం అతడి దగ్గర లేదు.