గర్భంలోనే అప్పగించబడే అమానత్

అల్లాహ్‌ను స్తుతిస్తూ, దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్ పంపుతూ ప్రారంభిస్తున్నాము.

‘షుగర్’ అన్న మాట మన చిల్కానగర్ ఇళ్లలో నిత్యం వింటున్నదే. రక్తంలోని చక్కెరను అదుపు చేసే శక్తి మనిషికి ఎప్పుడు సమకూరుతుందో నేడు తెలుసుకుందాము.

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉన్నది. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి, అందులో దీవుల వలె విడిగా ఉన్న కణాల గుంపులను సూక్ష్మదర్శినిలో గుర్తించాడు. పెద్దవారిలో ఇవి సుమారు 10 లక్షలు. అయినా క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. వీటిలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి.

పిండం ఏర్పడిన నాలుగైదు వారాలకు దాని పేగు గోడ నుండి రెండు మొగ్గలు పుడతాయి. ఏడవ వారం నాటికి అవి కలిసి ఒకే క్లోమమవుతాయి. అందలి సన్నని నాళాల గోడల నుండి కొన్ని కణాలు విడివడి గుంపులు కడతాయి. రక్తనాళాలు వాటిలోకి అల్లుకుంటాయి. మూడవ నెల ముగిసే వేళకు దీవులు రూపు దాలుస్తాయి. పుట్టిన తరువాత తొలి కొన్నేళ్లు బీటా కణాలు వృద్ధి చెందుతాయి; ఆపై ఆ వృద్ధి ఎంతో మందగిస్తుంది.

తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డను చేరుతుంది. అది అధికమైతే బిడ్డ లేత క్లోమం అధికంగా శ్రమించవలసి వస్తుంది. తల్లి పస్తులున్నా నష్టమే. 1944–45లో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు గర్భంలో ఉన్నవారిని యాభై ఏళ్ల వయసులో పరీక్షించగా, చక్కెరను అదుపు చేసే శక్తి వారిలో తగ్గినట్లు తేలింది. తల్లి పోషణ బిడ్డ జన్యువుల పనితీరును ఎలా ప్రభావితం చేస్తుందో మన పొరుగున ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పరిశోధించారు.

సోదరులారా! షుగర్‌కు కారణాలు అనేకం; ఏ తల్లినీ నిందించే హక్కు మనకు లేదు. మన బాధ్యత మాత్రం స్పష్టం. అందరూ తిన్నాక మిగిలినది గర్భిణి తినే ఆచారాన్ని మాన్పించండి. గర్భం తెలిసిన తొలి రోజుల్లో ఒకసారి, 24–28 వారాల నడుమ మరొకసారి షుగర్ పరీక్ష చేయించండి. వైద్యులు ఇన్సులిన్ రాస్తే, బిడ్డకు హాని అని భయపడి ఆపించకండి; ఆ ఇన్సులిన్ మాయను దాటి బిడ్డను చేరదు. రమజాన్‌లో తనకో, బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే గర్భిణికి షరీఅత్ రాయితీ ఇచ్చింది. దానిని వాడుకున్నందుకు ఆమెను తక్కువ చేసి మాట్లాడకండి.

మన ఇళ్లలోని తల్లులను, వారి గర్భాల్లోని అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.