తరిమెన యేమని మొఱపెట్టుచున్నది?



కొయ్యను గిఱగిఱ త్రిప్పుచు ఉలితో చెక్కు యంత్రమునకు మన పెద్దలు తరిమెన యని పేరు పెట్టిరి. మంచపు కోళ్లు, బొంగరములు, కవ్వపు కాడలు దానిమీద పుట్టినవే. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక లక్కబొమ్మలకును, మైసూరు త్రోవలోని చన్నపట్టణపు బొమ్మలకును అదియే పుట్టినిల్లు. మనవారు అంకుడు అని పిలుచు చెట్టు కొయ్యయే ఆ రెండుచోట్లను వాడుకలో నున్నది.

పూర్వము ఒకడు త్రాడు లాగుచుండగా మరియొకడు చెక్కెడివాడు. యంత్రమున ఏ చిన్న బిగువు కలిగినను లాగువాని చేతికి ముందుగా తెలిసెడిది. నేడు ఆ పనిని విద్యుత్తుతో నడచు మోటారు చేయుచున్నది. కావున నాడు చేయి తెలిసికొన్న దానిని నేడు చెవి తెలిసికొనవలెను. ఆ వినుట యెట్లో నేడు మనవి చేసెదను.

మా చిలమత్తూరులో నాయొద్ద చదువుకొన్న వడ్రంగి యొకడు కలడు. అతడు అప్పుచేసి పాత తరిమెన యొకటి కొని, వానకాలమంతయు కొట్టములో మూసియుంచి, పిదప నడిపెను. అది దబ్బు దబ్బుమని కొట్టుకొనసాగెను. చూచిన మరమ్మతువాడొకడు ఇరుసు బేరింగులు పోయినవనెను. క్రొత్తవి వేసిరి, సొమ్ము పోయెను గాని చప్పుడు పోలేదు. “అయ్యవారూ, వచ్చిన కాడికి అమ్మేస్తాను. దీనికేదో సోకినట్టుంది” అని అతడు నాతో వాపోయెను.

నాకు వడ్రంగము రాదు. నేను చదివినది కొంత తర్కము. అందు అన్వయ వ్యతిరేకములని రెండు మాటలు కలవు. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. అది లేనిచో రెండవదియు లేకుండుట వ్యతిరేకము. “నాయనా, ఒక్కొక్క యంగమును వేరుచేసి చూతము” అంటిని. ఉత్సాహముతో ముందునకు వంగితిని. అతడు చటుక్కున నా యుత్తరీయమును పట్టి లాగి, “ముందు దీన్ని తీసి పక్కన పెట్టండి” అనెను. తిరుగు ఇరుసునకు గుడ్డ చిక్కినచో మనిషిని లాగివేయును. ఆ దినమున మొదటి పాఠము చెప్పినవాడు శిష్యుడే.

మొదట కొయ్యను తీసివేసి నడిపితిమి. చప్పుడు పోలేదు, కావున దోషము కొయ్యది కాదు. బెల్టు తీసి మోటారును మాత్రమే త్రిప్పితిమి. చప్పుడు లేదు, మోటారు నిర్దోషి. పిమ్మట విద్యుత్తు తీగను ఊడబెరికి, బెల్టు లేని ఇరుసును చేతితో త్రిప్పితిమి. నూనెవలె జారెను, బేరింగులును మంచివే. మరల బెల్టు తగిలించి చేతితోనే త్రిప్పగా, ఇరుసు నాలుగు చుట్లు తిరిగినప్పుడెల్ల ఒక్కసారి తొట్రుపడెను. బెల్టుమీద సుద్దముక్కతో గుర్తు పెట్టి చూడగా, ప్రతిమారును అదే తావు పుల్లీ మీదికి వచ్చినప్పుడే తొట్రుపాటు. నెలల తరబడి బిగువుగా ఒకేచోట నుండి బెల్టు అక్కడ వంకరగా గట్టిపడినది. క్రొత్త బెల్టుతో రోగము కుదిరెను. అనవసరముగా కొన్న బేరింగుల వెలలో దాని వెల స్వల్పభాగము.

ఇందు లెక్క యొకటి గమనింపుడు. ఇరుసు చుట్టునకు ఒక్కసారి చప్పుడగుచో ఇరుసునో, దాని పుల్లీనో, కొయ్యనో చూడవలెను. పుల్లీని బిగించు మర వదులైనను అట్లే టకటకలాడును. కొన్ని చుట్లకొకసారి యగుచో బెల్టును చూడవలెను. ఎడతెగక గరగరలాడుచో బేరింగులను శంకింపవలెను. కొయ్య నానించు మొన తిరుగక నిలుచునదైనచో, అచ్చట పుట్టు కీచురవము కందెన లేని బండియిరుసు ఏడ్పు వంటిదే. చుక్క కందెనతో మాన్పవచ్చును.

మీట ఆపగనే, యంత్రమింకను తిరుగుచుండగనే చప్పుడు మాయమైనచో దోషము విద్యుత్తు పక్షమున నుండవచ్చును. మన విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులది. దానివలన 100 కంపముల హుంకారము పుట్టును. మోటారు తిరుగక హుమ్మని మూల్గుచో వెంటనే ఆపవలెను. లేనిచో తీగచుట్టలు కాలిపోవును. కొన్ని మోటారులు ఆపిన పిదప వేగము తగ్గుచు ఒక్కసారి ‘టక్’ మనును. అది లోపలి మీట తన చోటికి చేరు సవ్వడి, రోగము కాదు.

చప్పుడు పుట్టుచోటు తెలియనిచో, పొడుగాటి కొయ్యకడ్డీ యొక కొనను యంత్రపు కదలని పైతొడుగునకు ఆనించి, రెండవ కొనను చెవియొద్ద నుంచి వినవచ్చును. తిరుగు భాగమునకు ఎన్నడును తాకింపరాదు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ రోగి గుండె సవ్వడి వినుటకు మొదట కాగితము చుట్టి గొట్టముగా వాడెను. పిమ్మట కొయ్యగొట్టములను తన తరిమెన మీద తానే చేసికొనెను. నేటి వైద్యుల మెడలోని స్టెతస్కోపునకు తరిమెనతో అంత చుట్టరికము.

తుదకు ముఖ్యమైన మాట. నున్నగా సాగుచున్న పని నడుమ ధ్వని హఠాత్తుగా మారినచో, ఇంకొక్క పోటు చెక్కి చూతమని యనుకొనరాదు. కొయ్యలో బీట విచ్చుచుండవచ్చును. విచ్చిన ముక్క రాయివలె ఎగిరి ముఖమునకు తగులును. యంత్రమునకు ఎదురుగా నిలువక ప్రక్కకు తొలగి, వెంటనే ఆపవలెను. అసలు బిగించుటకు ముందే కొయ్యను వ్రేలితో తట్టి చూచుట మేలు. సంతలో కుండ కొనునప్పుడు మనమందఱము చేయు పరీక్షయే యిది: మంచిది ఖణేలుమనును, పగిలినది బొదబొదమనును.

మీ యూరి వడ్రంగి పిల్లవాండ్రు తొందరపడి సామానులు మార్పింపబోవునప్పుడు, పెద్దలైన మీరు ఒక్క మాట చెప్పుడు: ముందు ఆపుము, పిదప వినుము, ఒక్కొక్కటి వేరుచేయుము, అటుతరువాతనే సొమ్ము తీయుము. మా వడ్రంగి తరిమెన అమ్మలేదు. అప్పు తీర్చుచున్నాడు.