ముడి వేసేటప్పుడే విప్పే దారి చూసుకోండి

మా మిత్రుడొకాయన పదిహేనేళ్ళుగా పేమెంట్ సాఫ్ట్‌వేర్ రంగంలోనే పనిచేస్తున్నారు. ఒక శనివారం వాళ్ళింటికి భోజనానికి వెళితే ఆయన ముఖం అదోలా ఉంది. విషయం ఏమిటంటే, నాలుగో తరగతి చదివే వాళ్ళబ్బాయి ఆడుకునే ఆన్‌లైన్ ఆటకి, తన ఫోనులోని వాలెట్‌కి క్రిస్మస్ సెలవుల్లో ముడి పెట్టారట. ఐదు డాలర్ల బొమ్మేదో కొనిపెట్టి ఆ సంగతి మరిచిపోయారు. మార్చి నెల స్టేట్‌మెంటు చూస్తే నాలుగు వందల పైచిలుకు లెక్క తేలింది. పిల్లవాణ్ణి పిలిచి అడిగితే, "నేను డబ్బులేం ఖర్చు పెట్టలేదు నాన్నా, నాణేలే వాడాను" అన్నాడట. వాడి దృష్టిలో అది అబద్ధం కాదు. ఆటలో డాలర్లు కనబడవు, రంగురంగుల నాణేలే కనబడతాయి.

ఆయన వెంటనే బ్యాంకుకు ఫోను చేసి, తన అనుమతి లేకుండా జరిగిన కొనుగోళ్ళని ఫిర్యాదు చేశారు. డబ్బు వెనక్కి వచ్చింది. అయితే ఆ వెంటనే ఆట కంపెనీ అబ్బాయి అకౌంటుకు తాళం వేసింది. రెండేళ్ళుగా వాడు కూడబెట్టుకున్న వస్తువులు, కట్టుకున్న కోటలు, స్నేహితుల జాబితా అన్నీ పోయాయి. డబ్బు పోయిందని తెలిసిన రోజు కన్నా ఆ రోజు ఇంట్లో ఏడుపు ఎక్కువగా వినబడిందట.

రోజంతా పేమెంట్లతోనే గడిపే మనిషి ఇంట్లో ఇలా జరిగిందంటే మనలాంటి వాళ్ళం ఒకసారి ఆగి ఆలోచించుకోవాలి. అందుకే ఈ వ్యాసం. డబ్బు పందెం కాసి ఆడే ఆటల జోలికి నేను పోవడం లేదు. వాటిని నిషేధిస్తూ భారత పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది కూడా. ఇక్కడ చెప్పేది మన ఇళ్ళలో పిల్లలూ పెద్దలూ ఆడుకునే మామూలు ఆటల గురించే.

కొనడం వేరు, కలపడం వేరు

మన ఊళ్ళో కిరాణా కొట్టుకి వెళ్ళి డబ్బిచ్చి సరుకు తెచ్చుకుంటే లెక్క అక్కడితో సరి. "మా ఇంటి పద్దులో రాసుకోండి, మావాళ్ళు ఎవరొచ్చినా ఇవ్వండి" అని చెప్పి వస్తే అది వేరే వ్యవహారం. వాలెట్‌ని గేమింగ్ అకౌంటుకు కలపడం ఈ రెండో రకం. తెర మీద "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ నొక్కినప్పుడు మనం కొనేది ఒక వస్తువే అయినా, ఇచ్చేది ఇకముందు కొనబోయే వాటన్నిటికీ అనుమతి.

లోపల జరిగేది మీలో చాలామందికి ఆఫీసులో పరిచయమైన కథే. ఆట మిమ్మల్ని వాలెట్ పేజీకి పంపుతుంది. అక్కడ మీరు లాగిన్ అయి ఒప్పుకుంటారు. వాలెట్ ఆ ఆట కంపెనీకి ఒక టోకెన్ ఇస్తుంది. ఇకమీదట ఆ టోకెన్ చూపించి డబ్బు అడుగుతారు. ఓఆథ్‌లో రిఫ్రెష్ టోకెన్ లాంటిదన్నమాట.

ఇందులో గొప్ప మేలు ఒకటుంది. మీ అసలు కార్డు నంబరు ఆట కంపెనీ సర్వరులో ఉండదు. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి దొంగలు జొరబడినప్పుడు సుమారు 7 కోట్ల 70 లక్షల అకౌంట్ల వివరాలు బయటపడ్డాయి. కార్డు నంబర్లు కూడా పోయి ఉండే అవకాశాన్ని కొట్టిపారెయ్యలేమని ఆ కంపెనీ అప్పట్లో చెప్పింది. టోకెన్ పద్ధతిలో ఆ భయం బాగా తగ్గుతుంది.

కాని టోకెన్ కాపాడేది కార్డు నంబరుని. మన డబ్బుని కాదు.

వీధి గుమ్మానికి ఇనుప తలుపు, దొడ్డి గుమ్మానికి తడిక

వాలెట్‌కి వేలిముద్రో, ముఖమో చూపించాలి. ఆట అకౌంటుకి పదేళ్ళ పిల్లవాడు పెట్టుకున్న పాస్‌వర్డు చాలు. దాన్ని వాడు తోటి పిల్లలకు చెప్పి ఉండవచ్చు, నాలుగు చోట్ల అదే వాడి ఉండవచ్చు. రెండింటినీ కలిపాక, వాలెట్ ఎంత గట్టిదైనా దాని భద్రత ఆ పాస్‌వర్డు స్థాయికి దిగిపోతుంది.

అన్ని వాలెట్లూ ఒకేలా పనిచెయ్యవు. ఆపిల్ పేతో అప్పటికప్పుడు ఒక వస్తువు కొంటే ప్రతిసారీ ముఖమో వేలిముద్రో అడుగుతుంది. పేపాల్‌లో ముందస్తు అనుమతి ఇచ్చి ఉంటే తర్వాతి కొనుగోళ్ళకు మళ్ళీ మిమ్మల్ని అడగనక్కర్లేదు. కనుక ముడి వేసిన రోజే చిన్న పరీక్ష చెయ్యండి. ఒక డాలరుదో రెండు డాలర్లదో రెండో వస్తువు కొని చూడండి. మొదటిసారి ఎలాగూ అడుగుతారు. రెండోసారి అడిగారా లేదా అన్నదే అసలు సంగతి.

ఇండియా నుంచి వచ్చిన మన అమ్మానాన్నలు ఇక్కడ ఓటీపీ లేకుండానే కార్డు మీద డబ్బు వెళ్ళిపోవడం చూసి ఆశ్చర్యపోతుంటారు. అక్కడ ఆన్‌లైన్ కార్డు కొనుగోళ్ళకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లోనే నియమం పెట్టింది. అమెరికాలో అలాంటి నియమం లేదు. ఇక్కడ ఆ కాపలా మనమే కాసుకోవాలి.

విప్పడం అనుకున్నంత తేలిక కాదు

ఫోనులోంచి ఆటను తీసేస్తే ముడి విడిపోయిందని చాలామంది అనుకుంటారు. విడిపోదు, అనుమతి ఉండేది సర్వరులో. వాలెట్ పాస్‌వర్డు మార్చినంత మాత్రాన ఇచ్చిన అనుమతి రద్దయిందని అనుకోకూడదు. పోనీ బ్యాంకు నుంచి కొత్త కార్డు తెప్పించుకుంటే? వీసా, మాస్టర్‌కార్డు సంస్థలకు కార్డు వివరాలను వ్యాపారులకు దానంతటదే తాజాపరిచే సేవలున్నాయి. కొత్త నంబరు మీ వెనకే వెళ్ళి ఆటకు చేరిపోవచ్చు.

అందుకని రెండు కొసలా విప్పాలి. ఆట అకౌంటులో చెల్లింపు పద్ధతుల జాబితాలోంచి వాలెట్‌ని తొలగించండి. ఆ తర్వాత వాలెట్‌లో ఆటోమేటిక్ పేమెంట్ల జాబితా తెరిచి అక్కడా రద్దు చెయ్యండి. ఆ జాబితా తెరిచినప్పుడు మీరు ఎప్పుడో మరిచిపోయిన పాత ముళ్ళు మరికొన్ని కనబడితే ఆశ్చర్యపోకండి.

పొరపాటు జరిగితే ముందు ఎవరి దగ్గరికి?

పిల్లల కొనుగోళ్ళ గొడవ కొత్తది కాదు. ఒకసారి పాస్‌వర్డు కొడితే ఆ తర్వాత పదిహేను నిమిషాల పాటు మళ్ళీ అడక్కుండానే కొనుగోళ్ళు సాగనిచ్చారన్న అభియోగం మీద, కనీసం 3.25 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి ఆపిల్ 2014 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకుంది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. బ్యాంకుకు ఫిర్యాదు చేసినవారి అకౌంట్లకు తాళం వేశారన్నది కూడా అందులో ఒక అభియోగం. అలా చెయ్యకూడదని ఆ కంపెనీకి ఆదేశమైతే వచ్చింది గాని, అది ఆ ఒక్క కంపెనీకే.

కాబట్టి ముందు ఆట కంపెనీని, లేదా ఆప్ స్టోర్ ద్వారా కొన్నదైతే ఆ స్టోర్‌ని వాపసు అడగండి. వాళ్ళు కాదంటేనే బ్యాంకు. అలాగని మరీ ఆలస్యం చెయ్యకండి. అమెరికా చట్టం ప్రకారం అనుమతి లేని వాడకంలో క్రెడిట్ కార్డు మీద మీ బాధ్యత 50 డాలర్లు మించదు. డెబిట్ కార్డు పోయినప్పుడు, ఆ సంగతి తెలిసిన రెండు పనిదినాల్లో చెబితేనే ఆ 50. ఆలస్యమైతే 500 దాకా వెళ్ళవచ్చు. స్టేట్‌మెంటు వచ్చి 60 రోజులు దాటితే ఆపైన జరిగిన నష్టమంతా మీదే కావచ్చు. పైగా తాళంచెవి మనమే పిల్లవాడి చేతికి ఇచ్చినప్పుడు అది "అనుమతి లేని వాడకం" అని ఒప్పించడం కష్టం.

ఇక కలపక తప్పదనుకుంటే ఇవి చూసుకోండి. వాలెట్ వెనక డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతా కాకుండా క్రెడిట్ కార్డు పెట్టండి. ఆట అకౌంటుకి రెండంచెల లాగిన్ పెట్టండి. పిల్లల అకౌంటుని మీ కుటుంబ అకౌంటు కింద చేర్చి, ప్రతి కొనుగోలుకీ మీ అనుమతి అడిగేలా గాని, నెలకింత అని పరిమితి గాని పెట్టండి. ప్రతి కొనుగోలుకీ ఫోనుకి సందేశం వచ్చేలా చూసుకోండి.

మా మిత్రుడు ఇప్పుడు అసలు కలపడమే మానేశారు. నెలకు పది డాలర్ల గిఫ్ట్ కార్డు ఒకటి కొని అబ్బాయి చేతిలో పెడుతున్నారు. పోతే ఆ పదే పోతాయి. మొన్న మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడు సోఫాలో కూర్చుని వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకుంటున్నాడు. ఏమిట్రా అని అడిగితే, "ఈ టోపీ మూడు డాలర్లు అంకుల్. నెలాఖరు దాకా ఇంకా రెండు వారాలుంది. వద్దులే" అన్నాడు.