కారులో దారి చూపే యంత్రం: కొనే ముందు ఆలోచించవలసినవి

మా మదరసాకు పిల్లలను చూడవచ్చే తల్లిదండ్రులలో సొంత కారు గలవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. వారిలో ఎక్కువమంది ఒకరు వాడి అమ్మిన కారును కొనుక్కున్నవారే. ఆ కార్లలో దారి చూపే తెర ఉండదు. అందువల్ల ‘హజ్రత్, జి.పి.ఎస్. పెట్టించుకోవాలనుకుంటున్నాం. తక్కువ ధరలో ఏది మంచిది?’ అని మమ్మల్ని అడుగుతుంటారు. మేము యంత్ర విద్య చదివినవాళ్లం కాము. అయినప్పటికీ, విద్యార్థులను వెంటబెట్టుకొని ఊళ్లు తిరిగే పని మాకు తప్పదు గనుక ఈ విషయాన్ని కొంత శ్రద్ధగా తెలుసుకొన్నాము. మా అభిప్రాయం ఇది: ముందు అవసరాన్ని తేల్చుకోవాలి, ఆ తర్వాత మ్యాపును చూడాలి, తెరను అన్నిటికన్నా చివర చూడాలి. దుకాణాలలో జరిగేది దీనికి తలకిందులు.

యంత్రం చేసే పని ఏమిటి?

జి.పి.ఎస్. అనేది అమెరికా ప్రభుత్వం నడిపే ఉపగ్రహాల ఏర్పాటు. అవి భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఎడతెగక సంకేతాలు పంపుతుంటాయి. మన యంత్రం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానెక్కడ ఉన్నదీ లెక్క కట్టుకుంటుంది. సామాన్య ప్రజలకు అందే సంకేతాలలో కావాలని ఉంచిన లోపాన్ని 2000 మే నెలలో అమెరికా తొలగించింది. అప్పటి నుంచే ఇది కారు ప్రయాణాలకు నిజంగా పనికివస్తున్నది. ఇప్పటి యంత్రాలలో చాలావరకు రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో సంకేతాలను కూడా అందుకుంటాయి. మన దేశపు నావిక్‌ను అందుకొనేవి కూడా ఉన్నాయి.

ఇందులో కొనేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఉపగ్రహ సంకేతం ఉచితం, దానికి ఇంటర్నెట్ అవసరం లేదు. ఎవరైనా ‘జి.పి.ఎస్. చందా’ అని డబ్బు అడిగితే, అది మ్యాపుకా, సిమ్ కార్డుకా, మరి దేనికి అని విప్పి చెప్పమనాలి. ఉపగ్రహం చెప్పేది మీరెక్కడ ఉన్నారన్నది మాత్రమే. ఎటు వెళ్లాలన్నది మ్యాపు చెబుతుంది. ఆ మ్యాపును మనుషులు తయారు చేస్తారు, అది పాతబడుతుంది. కాబట్టి యంత్రం విలువ దాని మ్యాపు విలువే.

మార్కెట్లో దొరికే రకాలు

మొదటిది చేతిలోని ఫోను. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంటే దారి చూపే యంత్రం ఇంట్లో ఉన్నట్టే. గూగుల్ మ్యాప్స్ తెలుగులో మాట్లాడుతూ దారి చెబుతుంది. మన దేశంలోనే తయారైన మ్యాపల్స్ ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్నెట్ అందని చోట్లకు ఆ ప్రాంతపు మ్యాపును ఇంటి వద్దనే దింపుకొని పెట్టుకోవచ్చు. అయితే దింపుకొన్న మ్యాపు ముందున్న ట్రాఫిక్‌ను చూపలేదు, పైగా దానిని అప్పుడప్పుడు మళ్లీ దింపుకోవాలి. నెలకు ఒకటి రెండు దూర ప్రయాణాలు చేసే కుటుంబానికి ఒక గట్టి మొబైల్ హోల్డరు, ఒక మంచి కారు ఛార్జరు చాలు. ఖర్చు కొన్ని వందల రూపాయలతో సరి. ఎండాకాలంలో డ్యాష్‌బోర్డు మీద నేరుగా ఎండ తగిలితే ఫోను వేడెక్కి ఆగిపోతుంది. హోల్డరును ఏసీ గాలి తగిలే చోట బిగించుకోవడం మేలు.

రెండవది ఆండ్రాయిడ్ స్టీరియో. రోజూ కారు నడిపేవారికి, ముఖ్యంగా కిరాయి కారుతో జీవనం గడిపేవారికి ఇది అనుకూలం. చౌక రకాలు అయిదారు వేల రూపాయల నుంచి దొరుకుతాయి. తెర ఎంత పెద్దదైనా లోపలి జ్ఞాపకశక్తి తక్కువైతే మలుపు దాటిన తర్వాత మలుపు చెబుతుంది. వీటిలో చాలావాటికి సిమ్ ఉండదు, ఫోను నుంచి ఇంటర్నెట్ ఇవ్వవలసిందే. కాబట్టి ఫోనులోని మ్యాపునే తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో సౌకర్యం ఉన్నదా అని అడగడం తెలివైన పని.

మూడవది దారి చూపడానికే తయారైన ప్రత్యేక పరికరం. మ్యాపు అంతా దానిలోనే ఉంటుంది గనుక సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు అక్కడ వాడిన పరికరాలను తెచ్చి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. వాటిలో ఉండేది సాధారణంగా ఆ దేశాల మ్యాపు. మన దేశపు మ్యాపును వేరుగా కొనవలసి వస్తే ఉచితంగా వచ్చిన వస్తువు ఖరీదైనదిగా మారుతుంది. మరొక చిక్కు కూడా ఉన్నది. జి.పి.ఎస్. కాలాన్ని 1,024 వారాలకు ఒకసారి మళ్లీ సున్నా నుంచి లెక్కిస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా జరిగినపుడు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించని కొన్ని పాత పరికరాలలో తేదీలు తారుమారయ్యాయి. అంతకు ముందటి పరికరాన్ని తీసుకునేటట్లయితే తేదీ, సమయం సరిగా చూపుతున్నదో లేదో ముందు చూడాలి.

ఇక ‘జి.పి.ఎస్.’ పేరుతోనే అమ్మే ట్రాకర్ వేరే వస్తువు. బండి ఎక్కడ ఉన్నదో అది యజమానికి తెలుపుతుంది, నడిపేవానికి దారి చూపదు. రెండూ ఒకటేననుకొని కొనేవారున్నారు.

డబ్బు చెల్లించే ముందు

మీకు బాగా తెలిసిన మూడు చోట్లు అడిగి చూడండి: మీ వీధి, మీ జిల్లా ఆసుపత్రి, మీ ఊరి దగ్గర ఈ మధ్యనే తెరిచిన బైపాస్. మూడవది చూపకపోతే ఆ మ్యాపు పాతది. తెరను ఎండలో పెట్టి చూడండి. మాట వినబడుతున్నదో లేదో కారు నడుస్తుండగా వినండి. స్టీరియో అయితే దాని యాంటెన్నాను ఆకాశం అందేలా అద్దానికి దగ్గరగా అమర్చమనండి. కారు వైర్లను కత్తిరించకుండా కప్లర్‌తో కలపమనండి, కొత్త కారైతే వారంటీ మాట కూడా అడగండి. బిల్లు లేకుండా తీసుకోకండి.

చట్టం మాట

2020 అక్టోబర్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం, బండి నడుపుతూ ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు, అదీ ఏకాగ్రత చెడనంతవరకే. గమ్యాన్ని బయలుదేరే ముందే నింపాలి. మధ్యలో మార్చవలసి వస్తే పక్కన కూర్చున్నవారు మార్చాలి, లేదా బండిని పక్కకు ఆపాలి.

యంత్రానికి తెలియనిది

2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో జి.పి.ఎస్. చూపిన దారిలో వెళ్లిన కారు రామగంగా నది మీది వంతెన నుంచి పడిపోయి ముగ్గురు మరణించారు. ఆ వంతెన కొంతభాగం అంతకు ముందే వరదకు కొట్టుకుపోయింది. ఆ మార్పు మ్యాపులోకి ఎక్కలేదని పోలీసులు తెలిపారు. ఆ కారు ఎక్కడ ఉన్నదో ఉపగ్రహం సరిగానే చెప్పి ఉండవచ్చు. ముందున్న దారి తెగిపోయిందని దానికి తెలిసే మార్గం లేదు.

మన ప్రాంతంలోనూ ఇటువంటి హద్దులున్నాయి. గల్ఫ్ వెళ్లేవారిని శంషాబాద్‌లో దిగబెట్టేందుకు మెహదీపట్నం మీదుగా వెళ్లేవారికి తెలుసు: పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నామో, దాని కింది రోడ్డులో ఉన్నామో యంత్రం ఒక్కోసారి పోల్చుకోలేదు. నల్లమల అడవిలో చాలా దూరం ఫోను సిగ్నల్ ఉండదు, శ్రీశైలం దారిలో రాత్రివేళ మన్ననూరు చెక్‌పోస్టు వద్ద బండ్లను ఆపివేస్తారు. యంత్రం పది నిమిషాలు కలిసివస్తాయని చెరువు గట్టు మీదుగా దారి చూపవచ్చు. రాత్రివేళ, వానాకాలంలో, ఇంటిల్లిపాదీ కారులో ఉన్నపుడు పెద్ద రోడ్డును వదలకండి. దారి అనుమానంగా తోస్తే పెట్రోలు బంకులోనో, టీ కొట్టులోనో మనిషిని అడగండి. నిన్నటి వానకు తెగిన కల్వర్టు సంగతి ఆ ఊరివారికే తెలుస్తుంది.

కారులో కూర్చున్నవారి ప్రాణాలు నడిపేవాని వద్ద అమానతు. ఆ బాధ్యతను తెరకు అప్పగించలేము. ఫోను ఉన్నవారు హోల్డరుతో సరిపెట్టుకొని, పెద్ద తెరకు పెట్టదలచిన డబ్బుతో అరిగిన టైర్లు మార్పించి, వెనుక సీటు బెల్టులు సరిచేయించుకుంటే ఆ ఖర్చు ఎక్కువ సార్థకమవుతుందని మా అభిప్రాయం.