అన్నీ మామూలే అనుకోకండి!

"కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా!"

మా అత్తయ్య ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. చాలావరకు నిజమే కూడా. ఒక్క విషయంలో మాత్రం కాదు.

2017లో నాకు తొలి కాన్పు. మొదటి మూడు నెలలూ వేవిళ్ళు. పొద్దున్నే మంచం దిగకముందే గుప్పెడు మరమరాలో, రెండు బిస్కెట్లో నమిలి కాసేపాగి లేచేదాన్ని. మూడు పూటలా కడుపునిండా కాకుండా ఐదారుసార్లు కొద్దికొద్దిగా తిన్నాను. నాలుగో నెల దాటేసరికి తగ్గాయి. మంచినీళ్ళు కూడా ఇమడకపోతే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

ఆ తర్వాత గుండెల్లో మంట. రాత్రి భోజనం పెందలాడే ముగించి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే నయమనిపించేది. ఐరన్ మాత్రలతో విరేచనం నల్లగా అయ్యేసరికి భయపడి మానేద్దామనుకున్నాను. "అది మాత్రల వల్లే, మానకు" అన్నారు డాక్టరమ్మ. మలబద్ధకం తగ్గడానికి నీళ్ళు, ఆకుకూరలు, జామపండ్లు పెంచాను. మాత్ర వేసుకునే వేళకి కాఫీ, టీ దగ్గరికి రానివ్వలేదు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే కాలు చాపి, వేళ్ళను మోకాలి వైపు వంచేదాన్ని. పట్టు వదిలేది.

ఏడో నెలలో సాయంత్రానికి పాదాలు వాచేవి. కాళ్ళకింద దిండు పెట్టుకుంటే పొద్దుటికి తగ్గేవి. అదీ మామూలే.

ఎనిమిదో నెలలో మొహం ఉబ్బింది. వేలి ఉంగరం ఊడి రాలేదు. తలనొప్పి రెండు రోజులైనా వదల్లేదు. "నీరు పట్టిందిలే, ఉప్పు తగ్గించు" అన్నారు అత్తయ్య. మూడోరోజు టీవీలో అక్షరాలు మసకబారాయి. పక్కింటావిడ నర్సు. బీపీ చూసి, "160/110 ఉంది, పదండి!" అంటూ తనే ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారట. ఫిట్స్ రాకుండా ఇంజక్షన్లు ఇచ్చి, బీపీ అదుపులోకి తెచ్చి, ఆపరేషన్ చేశారు. పాప కిలోముప్పావు బరువు. పదహారు రోజులు అద్దాల పెట్టెలోనే ఉంది. ఇంటికొచ్చిన రోజు పాపను ఎత్తుకుని, "మామూలే అన్నానే తల్లీ" అని అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ తప్పేముంది? ఆవిడ కాన్పులనాడు ఆ ఊళ్ళో బీపీ చూసిందెవరు?

అందుకే చెబుతున్నాను. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరిందంటే అశ్రద్ధ చేయకండి. మొహం, చేతులు ఉన్నట్టుండి వాచినా, వదలని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా అంతే. కాన్పయ్యాక కూడా కొన్ని వారాలపాటు ఈ బీపీ ప్రమాదం ఉంటుంది. ఏ బాధా లేకుండానే బీపీ పెరగొచ్చు కాబట్టి, ఒంట్లో బాగానే ఉందని పరీక్షలు మానకండి.

రెండోసారి నెల తప్పినప్పుడు మొదటిరోజే డాక్టరుకి ఇదంతా చెప్పాను. మూడో నెల నిండగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టారు. ఇది డాక్టరు చెబితేనే వాడాలి, సొంతంగా కాదు. ఈసారి బాబు నెలలు నిండాకే పుట్టాడు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి నెల తప్పినా అత్తయ్య అడిగే మొదటి మాట: "బీపీ చూపించుకున్నావా అమ్మా?"